ఒక సకినాల డబ్బ వెంబడి కందకుర్తి దాక

కొందరు దేవుని పేరు మీద యాత్ర పోతరు. కొందరు గాలి మార్పుకు పోతరు. నేను ఒక స్టీలు డబ్బ వెంబడి పోయిన. ముందల అది, వెనక బస్సుల నేను, నా మేనకోడలు మౌనిక. నిజామాబాద్ జిల్లాల ఏ గుట్ట ఎక్కాలె, ఏ ఖిల్లా చూడాలె అని చెప్పెటోళ్లు మస్తుమంది ఉన్నరు, వాళ్లను అడుగుండ్రి. నేను కలిసిన మనుషుల సంగతి, తిన్న తిండి సంగతి చెప్త. నా ఇజ్జత్ ఏ ఊర్ల పోయిందో అది గూడ దాచిపెట్ట.

నాది జనగామ. ఫ్యాన్లకు, మోటర్లకు వైండింగ్ చేస్త. ఏడో తరగతిల బడికి నాకు చెడ్డది. అది నన్ను మళ్ల పిలువలే, నేను మళ్ల పోలే. మౌనిక మా అక్క దేవమ్మ బిడ్డ. డిచ్‌పల్లి క్యాంపస్‌ల లెక్కల మీద పీహెచ్‌డీ చేస్తున్నది. మా ఖాందాన్‌కు వచ్చిన చదువంత ఆ ఒక్క పిల్లనే ఎత్తుకపోయింది, మిగిలినోళ్లకు గీకుకుందామన్నా అడుగు మిగలలే. ఎండలు ముదురుతున్న రోజులల్ల ఫోన్ చేసింది.

"మామా, నాలుగు రోజులు దుకాణం బందు పెట్టి రా. నాకు కొత్తోళ్లతోని మాట్లాడుడు రాదు. నీకు ఆపుడు రాదు. ఇద్దరం కలిస్తె ఒక్క మనిషంత అయితం."

డిచ్‌పల్లి: చాయ్ మీద లెక్క

హైవే పక్కపొంటి చాయ్ హోటల్ల కూసున్నం. చాయ్ పది రూపాయలే, మా జనగామ లెక్కనే. గ్లాసు మాత్రం పుట్టినకాడి నుంచి తిండి లేనట్టు బక్కగున్నది. నేను రెండు తాగిన, రెండు కలిపి ఒకటైంది.

"మామా, ఒక ఊరికి కొత్తోడు వచ్చిండనుకో. ఎవలితోని సోపతి చేస్తడు?" అని షురూ చేసింది మౌనిక.

"చాయ్ తాపెటోనితోని."

"కాదు. అప్పటికే శానమందితోని సోపతి ఉన్నోనితోని. రెండు మిర్చి బండ్లుంటె మంది ఉన్న బండి కాడికే పోతం గద, గట్ల. గందుకే మంది ఉన్నోనికే ఇంకా మంది జమైతరు. మళ్ల నీ దోస్తుకు దోస్తు ఉంటడు, ఇయ్యాల కాకుంటె రేపు వాడు నీకు గూడ దోస్తే. మనిషిని ఒక చుక్క అనుకో, సోపతిని ఒక గీత అనుకో. చుక్కలు, గీతలు ఎట్ల పెరుగుతయో లెక్క కట్టుడే నా పని."

"చుక్కలు పెట్టి గీతలు గీసుడా? మీ అమ్మ రోజు పొద్దుగాల వాకిట్ల పీహెచ్‌డీ చేస్తది మరి."

పిల్ల నవ్వలే. గ్లాసును టేబుల్ మీద గుండ్రంగ తిప్పుకుంట కూసున్నది. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. ఆమె లెక్క కంప్యూటర్ల బరాబర్ నడుస్తున్నదట. గైడు సారు ఏమన్నడంటే, "అమ్మా, ఇది కంప్యూటర్ల బతుకుతున్నది, బయట గాలి పీలుస్తదో లేదో చూపియ్యి." ఈ జిల్లాల ఒకలికొకలు తెల్వని ఇద్దరిని తీసుకున్నా, మొదటి చేయి, ఆఖరు చేయి కలిపి ఆరు చేతులకు మించి పట్టవని ఆమె లెక్క చెప్తున్నది. సారు ఒకసారి కందకుర్తికి గోదారి స్నానానికి పోయి, అంజవ్వ అనే ఆమె దగ్గర మిర్చీలు తిన్నడట. "నిజామాబాద్‌ల ఎవలన్న ఒకలి చేతిల ఒక వస్తువు పెట్టు. తెలిసినోళ్ల నుంచి తెలిసినోళ్లకు పోయి అంజవ్వకు ముట్టాలె. ముట్టకపోతె ఈ టాపిక్ పక్కకు పెట్టి కొత్తది మొదలువెడుదాం" అన్నడట.

అంటే పిల్ల నాలుగేండ్ల కష్టం ఒక మిర్చీలవ్వ చేతిల ఉన్నది.

పిల్ల మొఖం చూసి ధైర్యం చెప్దామనుకున్న. నా నోటికి ధైర్యం చెప్పుడు రాదు, శర్తు కట్టుడు వస్తది. "మా పక్కింటోళ్ల పెండ్లిపత్రికనే నాకు ముట్టది. ఇది ఆరు చేతులల్ల ముడితే నేను పదో తరగతి పరీక్ష రాస్త. ముట్టకపోతె మన ఇండ్లల్ల జరిగే ప్రతి పెండ్లిల నీ చుక్కల కథ మైకుల చెప్త" అన్న.

"ఓపెన్ స్కూల్ల రాస్తవా?"

"ఏ స్కూల్లనైనా రాస్త."

టక్కున చెయ్యి కలిపింది. గంత జల్ది కలిపినప్పుడే నాకు డౌట్ రావాలె.

వస్తువు అంటే, మా అక్క హాస్టల్‌కు ఇచ్చి పంపిన స్టీలు డబ్బ. అండ్ల మౌనిక ఒక అట్టముక్క పెట్టింది: "ఈ డబ్బ కందకుర్తి గోదారి కాడ మిర్చీలమ్మే అంజవ్వకు చేరాలె. మీకు తెలిసినోళ్ల చేతికే ఇయ్యుండ్రి. ఇచ్చినంక ఈ నంబర్‌కు ఫోన్ చెయ్యుండ్రి." అంతే. నాకు మనసొప్పలే. ఉత్త డబ్బ పరాయోళ్ల చేతిల ఎట్ల పెడ్తం? అక్క నాకు కట్టిచ్చిన సకినాలల్ల సగం తీసి అండ్ల పెట్టిన.

"మామా, ప్రయోగంల వేరేది కలుపొద్దు."

"సకినాలు వేరేదెట్లయితది బిడ్డా, ఇంట్లయే."

నిజామాబాద్: గంజుల బావ

బస్సుల మౌనికకు సున్న టికెట్టు, నాకు పైసల టికెట్టు. ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక నా పక్కన కూసున్న ప్రతి ఆడమనిషి నన్ను జాలిగ చూసుడు షురువైంది.

మార్కెట్ గంజుల పసుపు రాసులు పోసి ఉన్నయి. గాలే పచ్చగున్నది. లోపలికి పోయి ఏడు తుమ్ములు తుమ్మి బయటికొచ్చే వరకు నా తెల్లంగి పెండ్లికొడుకు అంగి అయ్యింది. అక్కడ పోశెట్టి దొరికిండు. దడువాయి, అంటే బస్తాలను కాంటా మీద పెట్టి తూచెటాయన. నేను నోరు తెరువకముందే అడిగిండు.

"ఏ ఊరన్నా మనది?"

"జనగామ."

"జనగామనా! మా చిన్నమ్మ బిడ్డనిచ్చింది ఆడికే. స్టేషన్ కాడ సైకిల్ దుకాణం."

"సైకిల్ దుకాణం మల్లేశమా? వాడు మా అక్క మరిదికి తోడల్లుడు!"

పోశెట్టి యేళ్ల మీద ఏందో లెక్కపెట్టిండు. "అయితె నువ్వు నాకు బావైతవు!" అని గట్టిగ కావులించుకున్నడు. నా అంగి మీద ఇంకా తెల్లగ మిగిలిన జాగ గూడ పచ్చగైంది. మా దిక్కు కొత్త మనిషి వస్తె ముందు మంచినీళ్లిస్తరు, చుట్టరికం మెల్లగ అడుగుతరు. ఈడ చుట్టరికం తేలినంకనే మంచినీళ్లు.

మౌనిక నా చెవిల, "మామా, నువ్వు గీతలు గీయొద్దు. నువ్వు బయటి మనిషివి" అన్నది.

"బావ అన్నంక బయటెట్ల నిలబడ్త?"

పోశెట్టి డబ్బను చేతిల ఎత్తి, "ముప్పావు కిలో" అన్నడు. అట్టముక్క చదివిండు. "అంజవ్వ ఎవలో నాకెర్కలే. గని మా అక్క గంగక్క బోధన్ల ఉంటది. ఆడికెల్లి కందకుర్తి దగ్గరనే. పొద్దుమీకి మా ఆమె పోతది, ఇచ్చి పంపుత."

రాత్రి ఫోనొచ్చింది. డబ్బ బోధన్ల ముట్టింది! మౌనిక కంప్యూటర్ల మూడు చుక్కలు పెట్టి గీతలు గీసింది. ఖుషీల ఇద్దరం జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నం. రొట్టె నా మొఖమంత ఉన్నది, నా మొఖం కంటె మెత్తగున్నది.

తెల్లారి పోశెట్టి ఫోన్. "బావా, డబ్బ ముట్టింది!"

"ఎవలికి? అంజవ్వకా?"

"నాకే. కిలో పావున్నది. అక్క బెల్లం పంపింది."

ఫోన్‌ల ఆయన భార్య అందుకున్నది. "అన్నా, ఆడిబిడ్డ బెల్లం పంపినంక ఉత్త డబ్బ ఎట్ల తిప్పి పంపుతం? గారెలు చేస్తున్న, పగటీలి బస్సుకు పంపుత."

గారెలు పోయినయి. పొద్దుమీకేసరికి నువ్వుల ముద్దలు వచ్చినయి. అవి వస్తె మురుకులు పోయినయి. ప్రతిసారి పోశెట్టి ఫోన్ చేసి ఎంత తూగిందో చెప్పుడు. బస్సు ఫ్రీ అయినందుకు ఆ డబ్బ తిరిగినంత ఇంకెవలు తిరగలే. కంప్యూటర్ల గీత ముందుకు జరుగలే. పోశెట్టింటికి గంగక్కింటికి నడుమనే ఆ గీత లావైతున్నది, పైపు లెక్క.

"నా లెక్కల ఇది లేదు మామా," అన్నది మౌనిక. "నా లెక్కల వస్తువు ఇచ్చినోళ్లకు తిరిగి రాదు."

"నీ లెక్కల సకినాలు గూడ లేకుండె" అందామనుకొని మింగిన. నేను మింగిన మాటలు తక్కువ, అందుకే అది యాదికున్నది.

బోధన్: కడిగి బోర్లిస్తె కనబడ్డది

బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం ఉన్నది, పొగ లేదు. ఏండ్లయింది బందువడి. అయినా ఎవలిని తొవ్వ అడిగినా దాన్నే చూపెడ్తరు. "పొగగొట్టానికి ఈ పక్క", "పొగగొట్టం దాటినంక". చెరుకురసం గ్లాసు ఇరవై. మా దిక్కు అల్లం పిండుమని అడగాలె, ఈడ అడగకుండనే పిండుతరు. వద్దంటె పిండినంక వింటరు.

గంగక్క మమ్ముల చూడంగనే, "రా తమ్మీ, రా బిడ్డా, కాళ్లు కడుక్కోండ్రి" అన్నది. పోశెట్టికి బావనైతె ఆమెకు తమ్ముడెట్లయిననో నేను అడగలే. అడిగితె యేళ్ల మీద లెక్కపెడ్తరు.

"అక్కా, అండ్ల అట్టముక్క చూడలేదా?" అన్నది మౌనిక.

"సూసిన బిడ్డా. అంజవ్వకు ఇయ్యాలె, ఇస్త. ముందుగాల మా తమ్ముని డబ్బ తమ్మునికి ముట్టాలెనా వద్దా? వాళ్ల డబ్బ ఉంచుకొని వేరేటోళ్లకు ఇస్తె మా మరదలు ఏమనుకుంటది?"

"అది మీ తమ్మునిది కాదక్కా."

"మరెవలిది?"

గంగక్క లోపలికి పోయి, కడిగి బోర్లిచ్చిన డబ్బ పట్టుకొచ్చింది. ఎండల అడుగు మెరిసింది. స్టీలు సామాన్ల దుకాణంల కొట్టిచ్చిన పేరు: దేవమ్మ, జనగామ. గంగక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"ఓ యవ్వో! పరాయోళ్ల డబ్బల నా తమ్ముడు నేను మూడు దినాల నుంచి ఇచ్చుకుంటున్నమా! ఎవలు బిడ్డా ఈ దేవమ్మ?"

"మా అమ్మ."

"అయితె మీ అమ్మకు పంపాలె" అని గంగక్క అప్పుడే బియ్యప్పిండి డబ్బ మూత తీసింది. మౌనిక ఆమె రెండు చేతులు పట్టుకున్నది. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. ముందు అంజవ్వకు. అది ముట్టకపోతె నా చదువు ఆగిపోతది."

ఆ మాటకు గంగక్క పిండి మూత పెట్టేసింది. కోటగిరిల వెంకటరత్నం గారికి పంపుత అన్నది. వడ్లు కోసే మిషన్ ఉన్నదట ఆయనకు. చుట్టుపక్కల ఏ ఊర్ల పొలం కోయాలన్నా ఆయననే పిలుస్తరట.

"కోటగిరి ఉల్టా దిక్కు గద అక్కా" అన్న నేను.

మౌనిక కండ్లు మాత్రం బల్బు లెక్క వెలిగినయి. "మామా, మంది ఉన్న మిర్చి బండి! ఆయనే!"

కోటగిరి: ఆవకాయ

కాలువ నీళ్లు, కోతకొచ్చిన వరి, ఇండ్ల ముందల కోస్తా నుంచి ఎన్నడో వచ్చి స్థిరపడ్డోళ్ల మాట. నాకు పక్క రాష్ట్రం పోయినట్టే అనిపించింది.

వెంకటరత్నం గారు మంచం వాల్చి కూర్చోబెట్టారు. చూసిండ్రా, ఆయన పేరు రాస్తుంటెనే నా భాషకు గారాబం వస్తున్నది. "డబ్బా పొద్దున్నే అందిందండి. మా సాయిలు చేతికిచ్చాను. మిషన్ డ్రైవరండి. ఇవాళా రేపూ కందకుర్తి పక్కనే కోత. మీరేం కంగారు పడకండి, భోజనం చెయ్యండి."

పప్పు, నెయ్యి, పోయినేడాది ఆవకాయ. మా దిక్కు తొక్కు అంటే యేలు ముంచి నాకుతం, వీళ్లు ముద్దకు ముద్ద కలుపుతరు. మూడో ముద్దకు నా చెవులల్ల కెల్లి ఇంజన్ మోత వినబడ్డది. నేను కండ్లు తుడుసుకుంటుంటె ఆయన భార్య సంబరపడ్డది.

"కారంగా ఉందా తమ్ముడూ? మీ డబ్బాలో కూడా ఇదే పెట్టానయ్యా. ఖాళీ డబ్బా పంపితే బాగుంటుందా?"

మౌనిక ముద్ద ఆగింది. "ఆంటీ, అండ్ల అట్టముక్క..."

"ఉందమ్మా, దాని మీదే వేశాను. నూనె కాస్త ఎక్కువైంది, బయటికి కారకుండా అట్ట పీల్చుకుంటుందిలే అని."

అట్టముక్క మీద పేరు పోయింది, ఊరు పోయింది, ఫోన్ నంబర్ పోయింది. సాయిలుకు ఫోన్ చేస్తె ఎత్తడు, కోత మిషన్ మీద కూసున్నోనికి ఉరుము గూడ వినబడదు. నోటితోని చెప్పి పంపిన మాట ఆయనకు యాదికుంటె ఉన్నట్టు, లేకుంటె లేనట్టు.

కందకుర్తి: ఎవలు పోయిండ్రు బిడ్డా

తెల్లారి కందకుర్తి పోయినం. ఎండకాలం గోదారి సన్నగైంది. మంజీర వచ్చి కలిసే కాడ రాళ్లు తేలినయి, నీళ్ల నడుమ పాత రాతిగుడి మొత్తం బయటికొచ్చి ఆరుతున్నది. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. ఈడ బేరం తెలుగుల మొదలైతది, మరాఠీల కొట్లాట అయితది, ఉర్దూల తెగుతది.

అంజవ్వ బక్కపలుచని మనిషి, గట్టి గొంతు. డబ్బ రాలేదని మొదటి చూపుకే అర్థమైంది. అడుగుదామంటె గైడు సారు రూలు: ఆమెకు ముందుగాల చెప్పొద్దు. గందుకని ఆమె ముందర కూసొని మిర్చీలు తినుకుంట తొవ్వ చూసుడే. ప్లేటు ముప్పై. పగటీలికి నాలుగు ప్లేట్లయినయి. మౌనిక ఏం తినలే, బస్సు వచ్చినప్పుడల్ల లేచి నిలబడుడు, మళ్ల కూసునుడు.

అంజవ్వ మమ్ముల శానసేపు చూసింది. అక్కడికి పనిలేక వచ్చి దిగులుగ కూసునేటోళ్లు ఎవలో ఆమెకు తెలుసు. అస్థికలు కలపవచ్చినోళ్లు. మెల్లగ వచ్చి మౌనిక తల మీద చెయ్యి పెట్టింది.

"ఏడ్వు బిడ్డా, లోపట పెట్టుకోకు. ఎవలు పోయిండ్రు?"

మౌనిక నన్ను చూసింది. నేను నదిని చూసిన. నిజం చెప్పొద్దు, అబద్ధం రాదు.

"దగ్గరిదే పోయింది అవ్వా," అన్న. "ఇంట్ల అందరికి తిండి పెట్టేది."

"అయ్యో. ఎంత వయసుండె?"

"మా అక్క పెండ్లప్పుడు వచ్చింది."

"ఏ ఊరు నాయినా మీది?"

"జనగామ."

అంజవ్వ కండ్లు తుడుసుకున్నది. ఐదో ప్లేటుకు పైసలు తీసుకోలే. ఆమె మంచితనానికి నాకు సిగ్గైంది, అయినా తిన్న.

ఆఖరు బస్సు దాక చూసినం. డబ్బ రాలే, సాయిలు ఫోన్ ఎత్తలే. బస్సుల మౌనిక కిటికీ దిక్కు తిరిగి కూసున్నది. శర్తు నేనే గెలిచిన, అయినా నోట్లె ఒక్క జోకు లేదు. బోధన్ దాటినంక తనే మాట్లాడింది.

"మామా, నేను గీత ఒక్కసారి గీస్తె అది ఉంటదనుకున్న. వీళ్లు గీత గీసి ఊకుంటలేరు, రోజు దాన్ని తోముతున్నరు. డబ్బ తిరిగి పోతేనే ఆ గీత ఉంటది. నా లెక్కల తిరిగి పోవుడే లేదు." నన్ను కాదు, కిటికీ అద్దంల తన మొఖాన్ని చూసుకుంట చెప్పింది. తర్వాత కాగితం తీసి ఏందో రాసుడు మొదలువెట్టింది. డిచ్‌పల్లిల దిగేదాక తల ఎత్తలే.

జనగామ: నాకంటె ముందు

ఆ రాత్రే పిల్లను హాస్టల్ల దిగవెట్టి, తెల్లారి గంజుల పోశెట్టి బావకు చెప్పకుండ పోతె బాగుండదని ఒక రోజు వాళ్లింట్ల ఉండి, మూడో నాడు మా ఊర్ల దిగిన. అక్క వాకిట్లనే చీపురు పట్టుకొని నిలబడ్డది.

"ఎవలు సచ్చిండ్రని చెప్పినవురా?"

అరుగు మీద డబ్బ ఉన్నది. మూత తీస్తె మురమురాలు, పుట్నాలు, పైన నాలుగు మెత్తబడ్డ మిర్చీలు.

తర్వాత తెలిసిందేందంటే, మేం బస్సెక్కినంక పొద్దుమీకి సాయిలు కోత ముగించుకొని వచ్చి, డబ్బను అంజవ్వ చేతిలనే పెట్టిండు. ఆమె ఆవకాయ తీసి, కడిగి, బోర్లిచ్చి పేరు చూసింది, జనగామ అని చూడంగనే మేం యాదికొచ్చినం. తెల్లారి బాసరల పిల్లగానికి అక్షరాభ్యాసం చేయించుకొని, సంగమం చూడవచ్చిన జనగామోళ్లు ఆమె కాడ ఆగిండ్రు. "మీ ఊరి దేవమ్మది. ఆళ్లింట్ల మనిషి పోయింది పాపం" అని వాళ్లకిచ్చింది. వాళ్లు వాడకట్టంత అడుగుకుంట వచ్చి, మా అక్క చేయి పట్టుకొని ఓదార్చిండ్రు. అక్క ఏమర్థంగాక వాళ్లతోని కలిసి జర ఏడ్చింది గూడ.

నేను మౌనికకు ఫోన్ చేసిన. అవతల హాస్టల్ లేచేటట్టు అరిచింది. లెక్క కట్టినం. పోశెట్టి, ఆయన భార్య, గంగక్క, వెంకటరత్నం గారు, సాయిలు, అంజవ్వ. ఆరు.

"పోయిన సార్లు, వచ్చిన సార్లు లెక్కకు రావా?" అన్న.

"సారును ముందే అడిగిపెట్టిన. మనుషులే లెక్క, సార్లు కాదన్నడు."

"ఆవకాయ పెట్టిన ఆంటీ? అది ఏడో చెయ్యి!"

"ఆమె డబ్బల పెట్టింది గని డబ్బ పట్టుకపోలే. అది గూడ అడిగిన మామా."

సెమినార్ల సారు ఆరు చేతుల కాడ తల ఊపిండట. తిరిగి వచ్చే గీత కాడ మాత్రం కుర్చీలకెల్లి ముందుకు జరిగి, "ఇదే రాయమ్మా, ఇదే నీ టాపిక్" అన్నడట. డబ్బ ఏదీ, చూపియ్యమన్నడట గూడ. ఏడికెల్లి చూపిస్తది? అది ఇంట్ల ఉండే రకం కాదు.

మొన్న ఓపెన్ స్కూల్ల పేరు రాయించుకొని వచ్చేసరికి మా అక్క సకినాలు కాలుస్తున్నది, అంజవ్వకు. నాకు ఒక్కటి గూడ పెట్టలే. సోమారం పొయ్యే జీపుల పంపుతదట. నేను ఒక అట్టముక్క తీసి, నూనె తగలకుండ ప్లాస్టిక్ కవర్ల పెట్టి, పైన నా చేతితోనే రాసిన:

"అవ్వా, మా ఇంట్ల ఎవలు పోలే. నేను పదో తరగతి చదువుతున్న. ఓదార్పు ఏమన్న మిగిలి ఉంటె దీనికి పంపు."